చెక్కగోడ అవతల

సామాను ఇంకా సగం మూటల్లోనే ఉంది. పక్కింటి వైపు నుంచి గోడ మీద టక్ టక్‌మని చప్పుడు.

తల్లి చేతిలోని గిన్నె జారి కింద పడింది.

"వచ్చి పూట కాలేదు. అప్పుడే మనమంటే గిట్టలేదు పక్కవాళ్ళకి," అంది.

అది గోడ అంటే గోడ కాదు. ఒకే ఇంటికి మధ్యలో చెక్కలు కొట్టి, రెండు వాటాలు చేసి అద్దెకిచ్చారు. అటు దగ్గితే ఇటు వినిపిస్తుంది.

నాయనమ్మ పక్క పరుస్తూ, "గోడలకి చెవులుంటాయని విన్నాం గానీ, దీనికి చేతులు కూడా ఉన్నట్టున్నాయే," అంది.

తండ్రి ఇళ్ళకు రంగులు వేస్తాడు. "ఎన్ని గోడలకి రంగులేశానో. నాకు మాత్రం చెక్కగోడ రాసిపెట్టి ఉంది," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. అందరూ మూలనున్న మంచం వైపు చూశారు.

మంచం మీద బుజ్జి దుప్పటి కప్పుకుని, గోడకు ఆనుకుని కూర్చుంది. ఆరేళ్ళ పిల్ల. వానలకు పాత ఇల్లు కూలినప్పుడు ఒక్కతే లోపల ఉండిపోయింది. బయటికి తీసిన దగ్గర్నుంచి నోట మాట లేదు.

"దెబ్బ ఏమీ లేదు. భయం. దానంతటది పోవాలి," అన్నాడు డాక్టరు.

"తన పేరు తను చెప్పగలిగిన రోజు తీసుకురండమ్మా," అంది బడిలో పెద్ద టీచరు.

తల్లికి పగలూ రాత్రీ అదే దిగులు. కూతురి గడ్డం పట్టుకుని బతిమాలేది.

"నీ పేరు చెప్పవే తల్లీ. ఒక్కసారి. పోనీ, నన్ను తిట్టవే."

బుజ్జి పెదవులు కదిలేవి కావు.

గోడ మీద చప్పుడు మాత్రం ఆగలేదు. రోజూ వినిపించేది, అదీ తల్లి వంటింట్లో ఉన్నప్పుడే.

"దీనికి మాట రాకపోవడానికి ఆ చప్పుడే కారణం అత్తయ్యా. మళ్ళీ గోడ కూలుతున్నట్టు అనిపించదూ పిల్లకి?"

"పెద్దాయనట. ఒక్కడే ఉంటాడట. పోనీలే అమ్మాయ్."

"మీకు అందరూ పోనీలేనే."

చేతిలోని గరిటెతోనే పక్కింటికి వెళ్ళింది. పెద్దాయన వాకిట్లో కూర్చుని గొడుగు బాగుచేసుకుంటున్నాడు. ఆమెను చూసి నవ్వాడు.

"నవ్వులాటగా ఉందా మీకు? లోపల పిల్ల బెదిరిపోయి ఉంది. పెద్దవారు, మీకు తెలియాలి."

ఆయన ఆమె ముఖంలోకే చూస్తూ ఉండిపోయాడు.

దున్నపోతు మీద వాన కురిసినట్టుంది. ఆమెకు కోపం పోయి ఏడుపొచ్చింది. గరిటె కింద పెట్టింది. గోడ చూపించి, తడుతున్నట్టు చెయ్యి ఆడించి, రెండు చేతులూ జోడించింది.

"మీకు దణ్ణం పెడతాను. ఇంక తట్టకండి."

ఆయన ముఖంలో నవ్వు పోయింది. తనూ చేతులు జోడించాడు.

ఆ సాయంత్రం నుంచి గోడ పలకలేదు.

"చూశారా అత్తయ్యా, అడగందే అమ్మయినా పెట్టదు," అంది తల్లి.

కానీ బుజ్జి ముద్ద ముట్టడం మానేసింది. గోడ వైపు తిరిగి పడుకుంటే ఇక ఇటు తిరిగేది కాదు. చూస్తుండగానే చిక్కి సగమైంది.

తండ్రి పని నుంచి వచ్చి, రంగు మరకల చేతులతో తల పట్టుకున్నాడు. "ఈ ఇల్లూ మనకి అచ్చిరాలేదు. ఇక ఏ గోడ చాటుకి పోదాం?"

ఒకరోజు వంటింట్లో ఉన్న తల్లికి సన్నగా చప్పుడు వినిపించింది. పొయ్యి ఆపి తొంగి చూసింది.

బుజ్జి దుప్పటి కింద నుంచి వేలి కణుపులతో చెక్కను తడుతోంది. ఆగి, చెవి ఆనించి వింటోంది. మళ్ళీ తడుతోంది. కణుపుల మీద చర్మం లేచిపోయి ఉంది.

తల్లి దగ్గరికి వెళ్ళి ఆ చెయ్యి పట్టుకుంది.

"ముందు తట్టేది ఇదే అత్తయ్యా. ఆయన బదులు చెప్పేవాడు."

నాయనమ్మ కళ్ళు తుడుచుకుంది. "ఆ రోజు కూడా లోపల్నుంచి తలుపు తడుతూ ఉంటేనే కదే మనకి దొరికింది. ఉన్నానని చెప్పడం దానికి అలాగే తెలుసు."

తల్లి పక్కింటికి పరుగెత్తింది. అక్కడ ఎవరో నడివయసు ఆవిడ సామాను సర్దుతోంది.

"పెద్దాయన లేరా?"

"నేను ఆయన కూతుర్నండీ. తన వల్ల పక్కవాళ్ళకి ఇబ్బందిగా ఉందని కబురు చేస్తే మా ఇంటికి తీసుకెళ్ళాను. వెళ్ళగానే మంచం పట్టారు. మొన్న పోయారు."

తల్లి గుమ్మం పట్టుకుంది.

"ఆ పక్కింటిదాన్ని నేనేనండీ," అంది.

ఆవిడ ఆమె వైపు ఒకసారి చూసింది. "మా ఇంట్లో కూడా గోడకి అరచెయ్యి ఆనించి కూర్చునేవారు. ఎందుకో మాకు అర్థం కాలేదు," అంటూ మంచాన్ని లాగింది.

మంచం కోడు చెక్కగోడకు టక్కున తగిలింది.

అవతలి నుంచి ఒక గొంతు వచ్చింది. సన్నగా, బొంగురుగా, వాడక ఎండిపోయినట్టు.

"వచ్చావా?"

తల్లి రెండు చేతులతో గోడ పట్టుకుంది. అలాగే ఏడుస్తూ ఆవిడ వైపు తిరిగింది.

"మా పాప మాట్లాడిందండీ. మీ నాన్నగారినే పిలుస్తోంది. ఆయన ఒక్కసారి ఈ గొంతు విని ఉంటే..."

ఆవిడ మెల్లగా తల అడ్డంగా ఊపింది.

"ఉన్నా వినేవారు కాదమ్మా, మా నాన్నకి పుట్టుకతోనే చెవుడు."