పద్నాలుగో రీలు

పొద్దున పాత ఇనుము వాడు వస్తానన్నాడు. అందుకని ఆ రాత్రి గోడౌన్‌లో ఒక్కణ్ణే ఫిల్మ్ డబ్బాలు కిందికి దించుతున్నాను.

అన్నయ్యా నేనూ ఒకే ఒక్క సినిమాతో పెట్టిన డిస్ట్రిబ్యూషన్ కంపెనీ ఇది. ఒక దశలో ఒక్క శుక్రవారమే నలభై ఊళ్ళకు డబ్బాలు పంపాం. తర్వాత సినిమాలు డబ్బాల్లో రావడం మానేశాయి. మేం ఏడవడం కూడా ఎప్పుడో మానేశాం.

ఆఖరి అరలో మా మొదటి సినిమా ఉంది. ఒకటో రీలు డబ్బా పట్టుకుంటే గోరువెచ్చగా తగిలింది. ప్రొజెక్టర్ మీంచి దించిన రీలు అలాగే ఉంటుంది. ఊళ్ళో రీళ్ళాడించే ప్రొజెక్టరన్నది లేక పదేళ్ళయింది.

అన్నయ్యకు ఫోన్ చేశాను.

"మన మొదటి సినిమా ఎవరికైనా ఇచ్చావా?"

"మతి పోయిందా? తాళం నీ దగ్గరేగా. ఇంటికెళ్ళి పడుకోరా."

మూత తీశాను. బద్ధకస్తుడైన ఆపరేటర్ పంపినట్టు, రీలు వెనక్కి చుట్టకుండానే ఉంది. అలవాటు కొద్దీ వాణ్ణి తిట్టుకుంటూ చుట్టిపెట్టాను. రెండోది ఇంకాస్త వేడిగా ఉంది. పదమూడోది ముట్టుకుంటే చెయ్యి కాలింది.

పద్నాలుగోది అరలో లేదు.

ఆఖరి రీలు థియేటర్ నుంచి సైకిల్ మీద తిరిగొచ్చేదాకా గోడౌన్ మూయకూడదని మొదటి రోజే అన్నయ్య పెట్టిన రూలు. కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

చాలాసేపటికి బయట సైకిల్ స్టాండు వేసిన చప్పుడైంది.

ఎప్పటిలాగే, ఎవరని అడక్కుండా గడియ తీశాను.