రుచి కుదరలేదు

“పొడిగా ఉంది,” అంది యజమానురాలు. “రుచి కూడా కుదరలేదు.”

కొత్తమ్మాయి చేతిలో సగం కొరికిన ముక్క అలాగే ఉండిపోయింది.

ఆ బేకరీలో ఆమెకది మొదటి రోజు. కొట్టులో పాత కొలతలతోనే చాక్లెట్ కేకు చేసి చూపించింది. ఆరు రోజుల్లో దాన్ని బాగుచేస్తే ఉద్యోగం. లేకపోతే లేదు. తొమ్మిదో తరగతితో బడి మానేసిన మనిషిని గుమ్మం లోపలికి రానిచ్చిన చోటు ఇదొక్కటే. అంతకుముందు నాలుగు చోట్ల “ఎంతవరకు చదివావు?” దగ్గరే మాట ఆగిపోయింది.

“జనం సగం ముక్క ప్లేటులోనే వదిలేసి పోతున్నారమ్మా,” అంది యజమానురాలు. “కొలతలు నీ ఇష్టం, ఏం మారుస్తావో మార్చు. కాకపోతే రోజూ మొదటి ముక్క నువ్వు నా ఎదురుగా తినాలి.”

“నేనా మేడమ్?”

“నువ్వే. చేసినవాళ్ళు తినలేనిది కొన్నవాళ్ళకెలా పెడతాం?”

రెండో రోజు ఆమె వెన్న కొంత తగ్గించి నూనె పోసింది. పాలకు బదులు గిలక్కొట్టిన పెరుగు వేసింది. కోకో పొడిని వేడినీళ్ళలో కలిపి చల్లార్చింది. ఓవెన్‌లోంచి ఐదు నిమిషాల ముందే తీయించింది.

యజమానురాలు కేకు నడిమధ్య వేలితో నొక్కింది. పల్లం పడి, మెల్లగా పైకి లేచింది. ఓ అంచు తుంచి రెండు వేళ్ళ మధ్య నలిపింది. పొడి రాలలేదు.

“తడి కుదిరింది. ఊఁ, తిను.”

కొత్తమ్మాయి కొరికింది. యజమానురాలి కళ్ళు ఆమె మొహం మీదే ఉన్నాయి.  పొద్దున రెండేళ్ళ కూతుర్ని పక్క వాటాలో పిన్నికి అప్పగించి వస్తుంటే, పిల్ల ఏడుపు వీధి మలుపు దాకా వినిపించింది. ఇప్పుడూ వినిపిస్తూనే ఉంది. నోట్లో ఉన్నది కేకో పిండిముద్దో కూడా తెలియడం లేదు. నీళ్ళు తాగి ఎలాగో మింగింది.

యజమానురాలు ఓ ముక్క నోట్లో వేసుకుని తాపీగా నమిలింది. తల అడ్డంగా ఊపింది.

“రుచి కుదరలేదు.”

ఆవిడ వెళ్ళాక, ఓవెన్ దగ్గర ట్రేలు తుడుస్తున్న, బ్రెడ్లు కాల్చే మాస్టర్ నవ్వాడు.

“దిగులుపడకు చెల్లెమ్మా. ఆవిడ నాలుక మామూలుది కాదు. ఒకప్పుడు నేను చిటికెడు సోడా ఎక్కువేస్తే గుమ్మంలోనే పట్టేసేది. మా ఆవిడకి కూడా నేనంత భయపడలేదు.”

“మరి అలా గుచ్చి గుచ్చి చూస్తారేంటన్నయ్యా?”

“చూడరా మరి? నువ్వేమో ఎవరింట్లోనో దొంగిలించుకొచ్చినట్టు తింటున్నావు.”

మూడో రోజు కోకోలో కాఫీ డికాక్షన్ పోసింది. నాలుగో రోజు నారింజ తొక్క తురిమి వేసింది. ఐదో రోజు పంచదార కొంత తీసేసి బెల్లం వేసింది, దానికి చిటికెడు ఉప్పు తోడుచేసింది. కేకు రోజూ మెత్తగా, తడిగానే వచ్చింది. ఆమె రోజూ ఆ చూపు కింద బిక్కుబిక్కుమంటూ కొరికింది. రోజూ అదే మాట.

“కుదరలేదు.”

ఇంటి దగ్గరా అంతే. ఏడ్చి ఏడ్చి పిల్ల గొంతు బొంగురుపోయింది.

“రేపొక్క రోజు చూస్తానే,” అంది పిన్ని. “పసిదాన్ని ఇలా ఏడిపించడం నా వల్ల కాదు. ఆ తర్వాత నువ్వే ఏదో ఒకటి చూసుకో.”

ఆరో రోజు కొత్తమ్మాయికి ఒక్క ఆలోచనా రాలేదు. బుర్ర మొద్దుబారిపోయింది. ఎటూ పోయే ఉద్యోగమే కదా అనుకుని, రెండో రోజు కొలతలే మళ్ళీ వేసింది. గ్రాము తేడా లేకుండా.

కేకు చల్లారుతుండగా ఫోను మోగింది. పిన్ని!

“ఏమైంది పిన్నీ?”

“ఏం కాలేదే తల్లీ! నీ కూతురు ఇవాళ ఏడవలేదు. నువ్వెళ్ళిన కాసేపటికే ఆటలో పడిపోయింది. అన్నం కూడా తింది. ఇప్పుడు నా కళ్ళజోడు లాక్కుని పెట్టుకుని నాకే పాఠాలు చెబుతోంది. ఇదిగో, విను.”

అవతల్నుంచి ముద్దముద్దగా ఏవో మాటలు. మధ్యలో కిలకిలా నవ్వు.

“చల్లారిందా? పట్రా!” లోపలి గదిలోంచి యజమానురాలు పిలిచింది.

కొత్తమ్మాయి ముక్క కోసి నోట్లో పెట్టుకుంది. చెవుల్లో ఇంకా ఆ నవ్వే. అడక్కుండానే ఇంకోసారి కొరికింది. వేలికి అంటినదీ వదల్లేదు.

యజమానురాలు తన ముక్క గబగబా నమిలి బల్ల చరిచింది.

“ఇదీ కేకంటే! సోమవారం నుంచి ఈ పని నీదే. ఇంతకీ ఇవాళ ఏం కలిపావు?”

 ఏదో ఒక దినుసు పేరు చెప్పేస్తే సరిపోతుంది. ఉద్యోగం చేతికొచ్చేసింది. కానీ సోమవారం ఆ దినుసు వేసి చెయ్యమంటే?

“ఏమీ కలపలేదు మేడమ్,” అంది చివరికి. “ఇది రెండో రోజు చేసిందే. మీరు రుచి కుదరలేదన్నారే, అచ్చం అదే.”

యజమానురాలి మొహం పాలిపోయింది. లేచి వెళ్ళి, మాస్టర్‌కి వినపడకుండా తలుపు దగ్గరగా వేసింది. వచ్చి ఎదురుగా కూర్చుని గొంతు తగ్గించింది.

“మూడేళ్ళ క్రితం జ్వరమొచ్చి పోయినప్పటి నుంచి నాకు రుచీ వాసనా ఏదీ తెలియదమ్మా, ఈ ఆరు రోజులూ నేను నీ మొహం చూసే చెప్పాను.”