వదులు

ఆదివారం పొద్దున్నే కాటా ఎక్కింది పిచ్చుక. రెండు కళ్ళూ మూసుకుని, మెల్లగా ఒక్క కన్ను తెరిచి కిందికి చూసింది.

ముల్లు మళ్ళీ దిగింది.

"ఎంతుందే?" కుట్టుమిషను మీంచి తలెత్తకుండానే అడిగింది అమ్మమ్మ.

"ఇంకాస్త తగ్గాను."

"హమ్మయ్య! ఇంకేం మరి, కూర్చుని కడుపునిండా తిను. ఇవాళ పోటీ కూడానూ."

కూర్చుంది. తింది. ముద్ద గొంతు దిగనంటున్నా, అమ్మమ్మ చూస్తోందని రెండోసారి కూడా పెట్టించుకుంది. తినకపోతే ఏమైందని అడుగుతుంది. అడిగితే తను ఆగలేదు, చెప్పేస్తుంది. చెప్తే ఆ ముసలి ప్రాణం తట్టుకోలేదు.

అసలిదంతా కాలితో మొదలైంది. కాలేజీలో అయిదువేల మీటర్లు పరిగెత్తే పిల్ల. సన్నగా, చలాకీగా ఉంటుందని కోచ్ పెట్టిన పేరే పిచ్చుక. పోయినేడు కాలి ఎముక చిట్లింది. కట్టు వేసుకుని మంచాన పడుంటే ఒళ్ళొచ్చేసింది. కట్టు విప్పాక ట్రాకు మీదికి వెళ్తే తోటి పిల్లలు ఊరుకుంటారా? "నువ్వు పిచ్చుకవేంటే, బాతువి!" అని ఒకటే నవ్వులు.

ఇంటికొచ్చి వెక్కివెక్కి ఏడ్చింది. ఆ రోజు నుంచీ కంచం ముందు కూర్చోవడం, నాలుగు మెతుకులు కెలికి లేచిపోవడం. అమ్మమ్మ బతిమాలింది, తిట్టింది, కంచం పట్టుకుని ఇల్లంతా వెంట తిరిగింది. "బరువు తగ్గితేనే తింటాను, పో!" అని మొండికేసింది మహాతల్లి.

తగ్గింది. మరుసటి ఆదివారానికే తగ్గింది. అన్న మాట ప్రకారం తినడం మొదలుపెట్టింది. ఆ పై ఆదివారం ఇంకా తగ్గింది. నిక్కర్లు వదులయ్యాయి, చొక్కాలు భుజాల మీంచి జారాయి. అబ్బో, అప్పుడు దాని సంబరం చూడాలి!

ఆ సంబరం ఎక్కువ రోజులు నిలవలేదు. తిన్నకొద్దీ తగ్గడమేంటి?

అమ్మ గుర్తొచ్చింది. అమ్మా ఇంతే. బాగానే తినేది, నవ్వుతూనే తిరిగేది, బట్టలు మాత్రం వదులైపోతుండేవి. వాటిని బిగించి కుట్టలేక అమ్మమ్మ చేతులు పడిపోయేవి. తీరా డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి అంతా అయిపోయింది.

పిచ్చుక అద్దంలో చూసుకుంది. బుగ్గలు నిండుగానే ఉన్నాయి. అమ్మకీ అంతే, చివరిదాకా మొహంలో తెలియనేలేదు.

ఎవరికి చెప్పుకుంటుంది? కన్నకూతుర్ని చేతులారా సాగనంపిన మనిషితో, ఇప్పుడు నేను కూడానే అని ఏ నోటితో అంటుంది? పళ్ళ బిగువున దాచుకుంది.

పరిగెత్తేటప్పుడు మాత్రం ఆ భయం కాస్త వెనకబడేది. అందుకని ఆగేది కాదు. అందరూ మానేసి వెళ్ళిపోయినా తను ఇంకో చుట్టు, ఇంకో చుట్టు అంటూ తిరుగుతూనే ఉండేది. ఒకప్పుడు గుంపు వెనకాల ఎక్కడో వచ్చే పిల్ల, ఇప్పుడు మగపిల్లలకి దీటుగా పోతోంది.

కోచ్ స్టాప్‌వాచీని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు. "ఇది పాడైనట్టు లేదే! దెబ్బ తగిలాక ఇలా తేలినవాళ్ళని నేనెక్కడా చూళ్ళేదమ్మా. ఒళ్ళు దిగింది, రెక్కలొచ్చాయి. కానీ నడుముకి ఆ పిన్నీసులేంటి? టైలరమ్మ మనవరాలివి, నవ్విపోతారు!"

ఆ మాటే అమ్మమ్మతో చెప్పింది.

"ఇప్పుడే బిగించడమెందుకే? ఇంకా తగ్గుతావుగా!" అంది అమ్మమ్మ, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

పిచ్చుక స్నానాలగదిలోకి పోయి, కుళాయి పెద్దగా తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

ఇవాళ పోటీలో గీత దగ్గర నిలబడ్డప్పుడూ అదే ధ్యాస. ఇదే ఆఖరుదేమో. తుపాకీ పేలింది. ఎవరో తరుముకొస్తున్నట్టే పరిగెత్తింది. పక్కన ఎవరున్నారో చూడలేదు. చివరి చుట్టుకి పక్కన ఎవరూ లేరు.

కోచ్ చిన్నపిల్లాడిలా గెంతాడు. "పెద్ద పోటీలకి ఎంపికైపోయావే పిచ్చుకా! రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి రా. రక్తం తీస్తారు, ఎక్స్‌రేలు తీస్తారు, తల నుంచి కాలిదాకా మొత్తం చూసేస్తారు."

చేతిలోని కప్పు పక్కన పెట్టేసింది.

రేపటితో బయటపడిపోతుంది. ఆ మాట ఎవరో తెల్లకోటు మనిషి చెప్తే అమ్మమ్మ అక్కడికక్కడే కూలిపోతుంది. చెప్పేదేదో తనే చెప్పాలి, ఇవాళే చెప్పాలి. కప్పుతో ఫోటో దిగమని అందరూ అరుస్తున్నా వినిపించుకోకుండా వచ్చి బస్సెక్కింది. కిటికీ ఊచ పట్టుకుని దారిపొడుగునా మాటలు కూడబలుక్కుంది. 'అమ్మమ్మా, ముందు నువ్వు కూర్చో. కంగారు పడకూడదు. అమ్మకి వచ్చిందే నాకూ...' అక్కడికొచ్చేసరికి ప్రతిసారీ ఆపేసి మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టింది.

వీధి తలుపు దగ్గరగా వేసి ఉంది. సాయంత్రందాకా తను రాదనే అమ్మమ్మ ధీమా. లోపల మిషను చప్పుడు లేదు.

కళ్ళు తుడుచుకుని, ఊపిరి బిగబట్టి, తలుపు తోసింది.

పిచ్చుక నిక్కరు నడుం కుట్లు విప్పదీసి ఒళ్ళో పెట్టుకుని, నేలమీద చతికిలబడి, కుట్టుమిషను స్క్రూడ్రైవరుతో అమ్మమ్మ కాటా ముల్లుని మరికాస్త కిందికి తిప్పుతోంది.