నున్నటి ముఖం

"ఇది గూడా పాయె!" అన్నాడు ధర్మకర్త కేశవరెడ్డి.

తేరు ముందు కట్టే పలక అది. నడుమ నామం, అటూ ఇటూ శంఖచక్రాలు అటువైపు కనబడేలా ఆరపార కోయాలి. మొదటి పలకలో రంపం గీత దాటింది. ఈ రెండోదాంట్లో శంఖం మొన విరిగింది.

వడ్రంగి పెద్ద ఈరన్న తల ఎత్తలేదు. మూడు రోజులుగా సన్నరంపం తిప్పితిప్పి వేళ్లు కొంకర్లు పోయాయి. నడుము నిలవడం లేదు.

"రేపే తేరు. కర్నూలు రాజధాని అయినాక ఆఫీసర్లు గూడా వస్తాండారు. ఉండేది ఇంక ఒక్క పలక. అదీ చెడితే పత్తికొండ బొజ్జన్నను పిలిపిస్తా. గుడి పని మీ ఇంటికి ఇంక లేదనుకో!"

రెడ్డి గోడకు ఆనించిన పాత పలకకు దండం పెట్టాడు. చెదలు తిన్న ఆ పలక ఈరన్న తాత కోసింది. "ఆయనదప్పా భక్తి! పేళ్లు లేసిన గరుకు ముఖం మనకు పెట్టి, చిత్రిక పట్టిన నున్నటి ముఖం లోపలుండే దేవునికి పెట్టినాడు. అరవై ఏండ్లుగా ఊరంతా చెప్పుకుంటాంది."

రెడ్డి వెళ్లాక ఈరన్న భార్య మద్దమ్మ చెంబెడు మజ్జిగ తెచ్చింది. "తొందరపడి రంపాన్ని తోసినావు. అందుకే చెడింది. దాని దోవన దాన్ని పోనీ."

"సరేలే. అది గాక, రంపం పైకి లాగేటప్పుడు పైముఖానికే కదా పేళ్లు లేసేది? ఈసారి చిత్రిక పట్టిన ముఖం బోర్లేసి ఎనక నించి కోస్తా. జనానికి గూడా నున్నగానే కనపడనీ."

బొమ్మ గీసిన కాగితాన్ని ఉన్నదున్నట్టే పలక వెనక వైపు అంటించాడు. గీతను మిగిల్చి, గీత పక్కనే కోశాడు. వంపు వచ్చినచోట రంపాన్ని మెలిపెట్టకుండా పలకనే తిప్పుకున్నాడు. పొద్దు వాలేసరికి కోత ముగిసింది. వెంట్రుకవాసి తేడా రాలేదు.

ఈరన్న పలకను తిరగేశాడు. అంచులు అద్దంలా ఉన్నాయి.

మద్దమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అయ్యో దేవుడా! చక్రం ఉండాల్సిన చోట శంఖం ఉండాదే!"

 ఇంకో పలక లేదు. వీధిలో రెడ్డి చెప్పుల చప్పుడు వినిపించింది. మద్దమ్మ గబుక్కున పలకను మళ్లీ తిప్పి నిలబెట్టి, కాగితం చింపేసింది. శంఖచక్రాలు వాటి చోట్లకు వచ్చాయి. పేళ్లూ బయటికి వచ్చాయి.

"ఏమప్పా, ఈ గరుకేంది?" అని గద్దించాడు రెడ్డి. వెనక వైపు చెయ్యి పెట్టి చూశాడు. ఆ చెయ్యి అక్కడే ఆగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నున్నటి ముఖం దేవునికే పెట్టినావా? ఈరన్నా, తాతకు తగ్గ మనవడివప్పా! ఆయన భక్తే నీకూ వచ్చింది!"

 ఈరన్న వెళ్లి గోడకు ఆనించిన పాత పలక వెనక వైపు తడిమి చూశాడు.

తాత కూడా కాగితం వెనకే అంటించాడన్నమాట.