ఎండలో కనపడే గీతలు

దొంగిలించడం తేలికగానే అయిపోయింది. అమ్మడమే కెల్విన్ ప్రాణాల మీదికి వచ్చింది.

మూడు వారాల కిందట హడర్స్‌ఫీల్డ్ స్టేషన్ పక్క పార్కింగులోంచి ఆ నల్ల కారును ఎత్తుకొచ్చాడు. ఎవరిదో తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ లేదు. నంబరు ప్లేట్లు మార్చాడు, దొంగ కాగితాలు పుట్టించాడు, చెల్లెలు షెర్రిల్ గ్యారేజీలో దాచాడు. తొమ్మిది వేల పౌండ్లకు బేరం కూడా కుదిరింది. తీరా కొనేవాడు చూడడానికి వచ్చిన పూటే, మా యార్క్‌షైర్‌లో ఎన్నడూ లేనిది, ఫెళ్ళున ఎండ కాసింది.

ఇంకేముంది! బానెట్ నిండా సుళ్ళు సుళ్ళుగా గీతలు తేలాయి. నల్ల రంగుతో వచ్చిన చిక్కే అది. నీడలో బుద్ధిగా మెరుస్తుంది, ఎండలో గుట్టంతా బయటపెడుతుంది.

“ఎవడో చేతకానివాడు దీనికి మెషిన్‌తో పాలిష్ పట్టాడయ్యా” అన్నాడు కొనేవాడు. “శనివారం నాలుగింటికి వస్తా. గీతలు పోతే తీసుకుంటా, లేకపోతే నీకో దణ్ణం.”

షెర్రిల్ ఇంకో అడుగు ముందుకేసింది. “శనివారం దాటి ఇది నా గ్యారేజీలో ఉందంటే పోలీసులకు నేనే ఫోన్ చేస్తా. అన్నవని కూడా చూడను.”

పాలిష్ షాపుకు తీసుకెళ్దామంటే కెల్విన్‌కు భయం. అక్కడ కెమెరాలుంటాయి, ముందూ వెనకా ఫోటోలు తీస్తారు. ఏం చేయాలో తోచక తిరుగుతుంటే, పేపర్లు అమ్మే కొట్టు అద్దానికి అంటించిన చీటీ కంటబడింది.

“మెషిన్ పాలిష్ కొత్తగా నేర్చుకుంటున్నాను. చేయి తిరగడానికి కార్లు కావాలి. నల్లవైతే మరీ మంచిది. డబ్బులు అక్కర్లేదు. బెరిల్ ఆక్రాయిడ్.”

శనివారం పొద్దున్నే వాలిపోయాడు. బెరిల్‌కు డెబ్బై దాటాయి. ముప్పై ఏళ్ళు సిటీ బస్సు నడిపిన మనిషి. గొంతు ఇప్పటికీ బస్సు వెనక సీటు దాకా వినపడుతుంది. నంబరు వైపైనా చూడకుండా, టార్చి వేసి బానెట్ మీదికి వంగింది.

“అయ్యయ్యో! ఎవరు బాబూ ఈ ఘనకార్యం చేసింది?”

“ఇదివరకటి ఓనరండీ. వట్టి దద్దమ్మ.”

“పాపం, మొదటిసారి అయ్యుంటుందిలే.”

“మొదటిసారైతే మాత్రం! అలాంటివాళ్ళ చేతికి మెషిన్ ఇవ్వడమంటే కోతికి కొబ్బరికాయ ఇవ్వడమే.”

“అదీ నిజమే. ఉండు, టీ పెట్టుకొస్తా” అని లోపలికి వెళ్ళింది. కాసేపటికి రెండు కప్పుల టీతో పాటు ఒక ఏప్రాన్ కూడా తెచ్చి కెల్విన్ మెడలో వేసింది. “భుజం పట్టేసింది నాయనా. నేను చెబుతుంటా, నువ్వు కానివ్వు.”

కెల్విన్ నోరు తెరిచాడు గానీ, నాలుగింటి బేరం గుర్తొచ్చి మూసుకున్నాడు. మెషిన్ గాల్లో పట్టుకుని స్విచ్ నొక్కాడు. స్పాంజి మీది పాలిష్ అంతా చింది మొహాన పడింది.

“కారుకు పట్టమన్నానయ్యా, మొహానికి కాదు!” పడీపడీ నవ్వింది బెరిల్. “ముందు స్పాంజిని కారుకు ఆనించి, అప్పుడు కదా స్విచ్ నొక్కాలి! అసలు కడిగావా? దుమ్ము మీద తిప్పితే కొత్త గీతలు పడవూ?”

కడిగాడు. రబ్బరు అంచులకు టేపు అంటించాడు. మెత్తని స్పాంజితో, రెండు అరచేతులంత చోట మాత్రం తిప్పి చూడమంది.

“అంత నొక్కకు, పిండి పిసుకుతున్నావా? దాని బరువు చాలు. నింపాదిగా జరుపు. బస్సులో ముసలమ్మలున్నారనుకో.”

నిలువుగా రెండుసార్లు, అడ్డంగా రెండుసార్లు తిప్పి గుడ్డతో తుడిచాడు. టార్చి వేస్తే ఆ కాస్త చోట ఒక్క గీతా లేదు! కెల్విన్‌కు ఒళ్ళు పులకరించింది. నలభై ఏళ్ళొచ్చాయి, చేసిన పని చూసుకుని మురిసిపోవడం వాడికి ఇదే మొదలు. అయితే ఆ ముక్క అంత మెరిసేసరికి మిగతాదంతా వెలవెలబోయింది. బానెట్ అయ్యాక తలుపులు, తలుపులయ్యాక పైకప్పు పట్టక తప్పలేదు. మధ్యాహ్నం ఇద్దరూ మెట్ల మీద కూర్చుని సాసేజి రొట్టెలు తిన్నారు.

“నీ చేతిలో పనుందయ్యా. ఇదే వృత్తిగా పెట్టుకోరాదూ?” అంది బెరిల్.

“నిజంగానా అండీ?” అన్నాడు కెల్విన్, చెవులదాకా నవ్వుతూ.

మూడున్నరకు డిక్కీ కూడా పూర్తయింది. అప్పుడే మబ్బు తొలగి ఎండ పడింది. కారంతా వెతికినా ఒక్క గీత లేదు. కెల్విన్ గంతు వేసినంత పని చేశాడు.

“తాళంచెవి ఇలా ఇవ్వు నాయనా, ఒకసారి కూర్చుని చూస్తా.”

సంతోషంగా ఇచ్చాడు. బెరిల్ ఎక్కి, సీటు ముందుకు జరుపుకుని, తాళంచెవి జేబులో వేసుకుంది. అదే సమయానికి ఇద్దరు పోలీసులు గేటు తీసుకుని లోపలికి వచ్చారు.

“ఇంకా ముందే వచ్చేవాళ్ళమయ్యా. డిక్కీ కూడా అయ్యేదాకా సందు చివర ఆగమన్నారు ఈవిడ” అన్నాడు వాళ్ళలో పెద్దాయన, కెల్విన్ చెయ్యి పట్టుకుంటూ.

“నంబరు కూడా మార్చాను కదా! ఎలా తెలిసింది?” కంగారులో నోరు జారాడు కెల్విన్.

“నంబరెవరు చూశారు నాయనా? ఆ దద్దమ్మను నేనే. నా చేతి గీతలు నాకు తెలియవా? అవి ఏ బానెట్ మీద దొరుకుతాయా అని ఈ మూడు వారాల్లో పదకొండు మంది నల్ల కార్లకు ఊరికే పాలిష్ పట్టిపెట్టాను!”