చల్లటి రేడియేటర్

పికప్ బండి దగ్గుకుంటూ వచ్చి షెడ్డు ముందు కూలబడింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి బుసలు కొడుతోంది. అప్పుడే అన్నం డబ్బా మూత తీసిన మెకానిక్ విసుక్కుంటూ లేచాడు.

డ్రైవింగ్ సీట్లోంచి ఓ పెద్దావిడ దూకినంత పని చేసింది. నెరిసిన జుట్టు ముడి ఊడి భుజాల మీద పడింది. పక్క సీట్లో ఓ అమ్మాయి ఒళ్లో సంచి పెట్టుకుని బిగుసుకుపోయి కూర్చుంది. ఆమె ఎడమ కన్ను వాచి మూసుకుపోయి ఉంది.

“రైల్వేస్టేషన్ దాకా పోతే చాలు బాబూ. ఆ తర్వాత ఇది తగలబడిపోయినా ఫర్వాలేదు.”

మెకానిక్ లోపలికి తొంగి చూశాడు. వేడి చూపించే ముల్లు ఎర్ర గీత దాటేసింది. “ఇంత వేడెక్కాక కూడా తోలుకొచ్చారా? ఇంజను ఏం గాను?”

“ఆగితే దొరికిపోతాం.”

అమ్మాయి కన్ను చూసి అతను బానెట్ ఎత్తాడు. పెద్దావిడ ఆత్రంగా రేడియేటర్ మూత మీదికి చెయ్యి పోనిచ్చింది. అతను చటుక్కున ఆ చెయ్యి పట్టుకుని లాగేశాడు.

“మొహం ఉడికిపోతుందమ్మా! ముందు చల్లారనివ్వండి.”

“ఎంతసేపు?”

“చల్లారినంతసేపు.”

ఆ మాటకి అమ్మాయి బండి దిగింది. “నేను నడిచిపోతానమ్మా. మీరు వెనక్కి వెళ్లిపోండి.” నాలుగడుగులు వేసేసరికి కాలు సహకరించలేదు. పెద్దావిడ ఆమెని పొదివి పట్టుకుని లోపల టైర్ల పక్కన కూర్చోబెట్టింది.

మెకానిక్ బండి కింద దూరి చూశాడు. ఎక్కడా కారడం లేదు. బెల్టు తెగలేదు. ఆయిల్‌లో నీళ్లు కలవలేదు. అదొక్కటే కాస్త ఊరట.

“ఎవరు, మొగుడా?” అన్నాడు గొంతు తగ్గించి.

అమ్మాయి తలూపింది.

“పోలీసులకి చెప్పొచ్చుగా?”

“చెప్తాను,” అంది పెద్దావిడ. “దీన్ని రైలెక్కించాక నేనే వెళ్లి చెప్తాను. ముందు ప్రాణాలతో ఒడ్డున పడనీ.”

“అలాంటివాణ్ణి కన్న మహాతల్లి ఎవరో గానీ, పెంచడం చేతకాలేదు.”

“చేతకాలేదు,” అందావిడ పళ్లబిగువున. “చిన్నప్పుడే చెంప పగలగొట్టాల్సింది. నెత్తినెక్కించుకుంది.”

దూరంగా మోటారు సైకిలు చప్పుడు వినబడింది. అమ్మాయి టైర్ల వెనక్కి జరిగింది. చప్పుడు దగ్గరైంది. మెకానిక్ ఎవరూ అడక్కుండానే షట్టరు సగానికి లాగి, దాని ముందు స్టూలేసుకుని బీడీ ముట్టించాడు. బండి వచ్చింది, పోయింది. గ్యాస్ సిలిండర్లు వేసేవాడు.

లోపల అమ్మాయి వెక్కిళ్లు ఆపుకోలేకపోతోంది. పెద్దావిడ ఆమె తల తన పొట్టకేసి అదుముకుని, “అయిపోయింది తల్లీ, అయిపోయింది” అంటోంది. ఏమీ అయిపోలేదని ముగ్గురికీ తెలుసు.

ఇంజను కాస్త చల్లారాక మెకానిక్ గుడ్డ చుట్టి మూత తిప్పాడు. తగ్గిన నీళ్లు పోసి స్టార్ట్ చేయించాడు. ఫ్యాను తిరుగుతోంది. ముల్లు మాత్రం మళ్లీ పైకి పాకడం మొదలెట్టింది. సగం దాటింది. ఎర్ర గీత వైపు పోతోంది.

“పెరుగుతోంది! మళ్లీ పెరుగుతోంది!” పెద్దావిడ అరిచింది.

అతను రేడియేటర్ మీద అరచెయ్యి ఆనించాడు. చల్లగా ఉంది. పైన గొట్టం పట్టుకు చూశాడు. అదీ అంతే.

“ఆపెయ్యండి! ఇంజను కుతకుతా ఉడుకుతుంటే రేడియేటర్‌కి చలవే వదల్లేదు. నీళ్లు అక్కణ్ణించి ఇక్కడికి రావడం లేదు. పంపైనా పోయుండాలి, థర్మోస్టాటైనా బిగుసుకుపోయుండాలి.”

“ఏదైతే మంచిది?”

“పంపైతే ఇవాళ మీరు కదల్లేరు.”

ఆవిడ బండి తలుపు పట్టుకుని నిలబడింది.

వేడి తగ్గే దాకా ఆగే ఓపిక అతనికీ పోయింది. చేతులకి తడిగుడ్డలు చుట్టుకుని పానా అందుకున్నాడు. థర్మోస్టాట్ మూతకున్న మొదటి బోల్టు వచ్చింది. రెండోది మొరాయించింది. బూతు మాట నోటిదాకా వచ్చి, ఆడవాళ్లని చూసి మింగేశాడు. ఒక్క ఊపుతో తిప్పాడు. బోల్టుతోపాటు మోచేతి తోలూ లేచింది.

వేళ్లు పెట్టి లోపలి బిళ్లని బయటికి లాగాడు. తుప్పు పట్టి గట్టిగా మూసుకుపోయి ఉంది.

“ఇదేనమ్మా! ఇంజను వేడెక్కితే తలుపు తీసినట్టు తెరుచుకుని నీళ్లు వదలాలి. ఇది మూతి బిగించుకుని కూర్చుంది. పంపు బాగున్నట్టే.”

“కొత్తది ఉందా?”

“లేదు. ఇది లేకపోయినా స్టేషన్ దాకా నిక్షేపంగా పోతుంది.”

గబగబా బిగించేసి మళ్లీ నీళ్లు నింపాడు. ఇంజను అందుకుంది. ముగ్గురూ ముల్లునే చూస్తున్నారు. అది లేచింది. సగానికి కాస్త ఇవతలే నిలబడిపోయింది. అతను మళ్లీ రేడియేటర్ తడిమాడు. ఈసారి గోరువెచ్చగా తగిలింది.

“ఎక్కండి, ఎక్కండి! దారిలో ఎక్కడా ఆపకండి!”

అమ్మాయి అతని వైపు తిరిగి చేతులు జోడించబోయింది. ఆ చేతుల్లో మంచినీళ్ల సీసా పెట్టి తలుపు వేసేశాడు. పెద్దావిడ గేరు వేసింది.

అప్పుడు మోగింది పెద్దావిడ ఫోను.

తెర మీద పేరు చూసి అమ్మాయి సీట్లో కిందికి జారిపోయింది. పెద్దావిడ ఫోన్ని రెండు చేతులా పట్టుకుంది. ఇంజను ఆపమని మెకానిక్‌కి సైగ చేసింది. అతను కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పాడు. షెడ్డంతా నిశ్శబ్దమైపోయింది.

ఆవిడ కళ్లు తుడుచుకుంది. గొంతు సవరించుకుని ఫోను చెవి దగ్గర పెట్టుకుంది.

“నీ పెళ్లాం నా దగ్గరికి రాలేదురా నాన్నా, నిన్ను కన్న తల్లిని, నీతో అబద్ధం చెబుతానా?”