చివరి అరలోని డిస్క్

"ఆ పిల్లని రేపే ఊరికి పంపించెయ్యండి అత్తయ్యా. మీరు పంపకపోతే నేనే బస్సెక్కించేస్తాను."

సర్వర్ గదిలో ఏసీ హోరుకి గొంతు పెంచక తప్పలేదు ఆమెకి. ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసు అది. అక్కడి కంప్యూటర్ల బాగోగులన్నీ ఆమే చూస్తుంది.

"అదేం చేసిందే నిన్ను? నీకు చేదోడుగా ఉంటుందనేగా మా తమ్ముణ్ణి బతిమాలి మరీ కూతుర్ని పంపించమన్నాను," అంది ఫోన్లో అత్తగారు.

"చేదోడా? పొద్దున మీ అబ్బాయి కాఫీ అని కేకేస్తే నేను లేచేలోపు కప్పు తెచ్చి చేతికిచ్చేసింది. పంచదార ఎంత వెయ్యాలో కూడా తెలుసు మహాతల్లికి."

"నువ్వే కదే చెప్పావు."

"మీరు చెప్పమంటే చెప్పాను!"

ఆ పిల్ల ఇంట్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ అత్తగారిది ఒకటే పాట. పాపకి ఆయాసమొస్తే ఏ మందు పట్టాలి, గ్యాసు బండకి ఎవరికి ఫోన్ చెయ్యాలి, బాబు అలిగితే ఎలా దారికొస్తాడు, అన్నీ దానికి నేర్పమనే. ఆమె నేర్పింది. ఇప్పుడు పాప ఆ పిల్ల పక్కలో తప్ప పడుకోనంటోంది. మొగుడు సంగతి సరేసరి. ఆ పిల్ల ఎదురొస్తే చాలు, తప్పు చేసినవాడిలా తల దించుకుని పక్కకి తప్పుకుంటున్నాడు. అదే ఆమె గుండెల్లో ముల్లులా గుచ్చుకుంటోంది.

"నా ఇల్లు, నా పిల్లలు, నా మొగుడు అత్తయ్యా. ఎవరికీ రాసివ్వలేదు నేను."

ఇంకెప్పుడైనా అయితే అత్తగారు ఆ మాటకి నాలుగు తగిలించేది. ఇవాళ మాత్రం గొంతు తగ్గించింది.

"అరవకే, నీరసమొస్తుంది. మందు వేసుకున్నావా?"

"బలం మందేగా. ఒక పూట మానేస్తే ప్రాణమేం పోదులెండి," అని ఫోన్ పెట్టేసింది.

తలుపు తోసుకుని యజమాని వచ్చాడు.

"ఏంటమ్మా ఈ కూత? నా గదిదాకా వినిపిస్తోంది."

కూస్తున్నది ఆఫీసు ఫైళ్ళన్నీ దాచే, మూలనున్న రెయిడ్ పెట్టె. దాని అరల్లో వరసగా డిస్కులున్నాయి. అన్నిటికీ పచ్చ లైట్లు, మధ్యలో ఒక్కదానికి మాత్రం పసుప్పచ్చది.

"కొని ఏడాది తిరగలేదు, అప్పుడే దగ్గు మొదలెట్టిందా?"

"పెట్టె బాగానే ఉంది సార్. ఒక్క డిస్కు నలతపడింది."

"మనం గీసిన ప్లాన్లన్నీ అందులోనే తగలడ్డాయమ్మా! అవి పోతే మూటాముల్లే సర్దుకోవడమే మనం."

"ఒక్కటీ పోదు సార్. ఏ ప్లానూ ఒకే డిస్కులో ఉండదు, ముక్కలు చేసి అన్నిట్లోకీ సర్దుతుంది. ఒకటి పోయినా, మిగతావాటిని బట్టి పోయినదాన్లో ఏముందో రాబట్టుకుంటుంది. చోటు చాలకపోతే, పని ఆపకుండానే కింద ఇంకో పెట్టె తగిలించుకోవచ్చు. అందుకేగా దీన్నే కొనమన్నాను."

"తగిలించడం తర్వాత. ముందు ఇది చచ్చిందా, బతికుందా?"

"బతికే ఉంది, పనీ చేస్తోంది. కాకపోతే ఎక్కువ రోజులు ఉండదని పెట్టె ముందే పసిగట్టేసింది. అందుకని దీన్లో ఉన్నదంతా అదిగో, ఆ చివరి అరలో స్పేర్ డిస్కుందే, దాన్లోకి ఎక్కిస్తోంది."

యజమాని వంగి చూశాడు. "ఇదా? ఏ పనీ లేకుండా కరెంటు మేస్తూ కూర్చుంటే మా బావమరిది లాంటిదనుకున్నాను."

ఆమెకి నవ్వొచ్చింది. "అవసరం పడేదాకా అలా కూర్చోవడమే సార్ దాని ఉద్యోగం. మొత్తం ఎక్కాక దీని చోట్లో అది పనిచేస్తుంది. అప్పుడు దీన్ని లాగి అవతల పెట్టేస్తాను. బయట ప్లాన్లు గీసుకునేవాళ్ళకి మారిన సంగతి కూడా తెలీదు."

"అయితే సరే. పాపం, ఎంత బుద్ధిగా తిరుగుతోందో చూడు," అంటూ ఆయన వెళ్ళిపోయాడు.

ఆమె మీట నొక్కి కూత ఆపింది. పసుప్పచ్చ లైటు నెమ్మదిగా వెలిగి ఆరుతోంది. చివరి అరలో పచ్చ లైటు మాత్రం తీరిక లేకుండా రెపరెపలాడుతోంది.

మళ్ళీ ఫోన్ మోగింది. అత్తగారే.

"కోప్పడకుండా వినవే. పాప నిద్రపోయేముందు నువ్వొక ఏనుగు కథ చెబుతావు చూడు, మాకెవరికీ పూర్తిగా రాదది. ఇవాళ ఇంటికొచ్చాక దానికి ఆ కథొక్కటీ నేర్పి..."

ఆమె ఒళ్ళు మండిపోయింది. మాట పూర్తికానివ్వకుండా ఫోన్ కట్ చేసి, ఆ పిల్లకి చేసింది.

"అక్కా..."

"అక్కా లేదు, గిక్కా లేదు. సూటిగా అడుగుతున్నా, సూటిగా చెప్పు. మా ఆయన మీద ఆశ పెట్టుకుని వచ్చావా నా ఇంటికి?"

అవతల ఎక్కిళ్ళు మొదలయ్యాయి.

"నోరు విప్పవే! ఇద్దరూ కలిసి నన్ను గుమ్మం దాటిద్దామనుకుంటున్నారా?"

"అయ్యో, కాదక్కా!" ఆ పిల్ల బావురుమంది. "బావకి అసలిష్టమే లేదు. నేనూ రానన్నాను. పసివాళ్ళు తల్లిలేని పిల్లలైపోతారని అత్తయ్య మా నాన్న కాళ్ళమీద పడింది... డాక్టరు చెప్పింది నీ చెవిన పడనివ్వనని అందరూ నా చేత ఒట్టు వేయించుకున్నారక్కా!"